చేతికందే కొక్కెం

యోసేపు స్టీరింగు పట్టి ఇరవై రెండేళ్లయింది. మొదట ఇటుకల లారీ, తర్వాత ఒక రోడ్డు కాంట్రాక్టరు దగ్గర టిప్పరు, ఇప్పుడు తొమ్మిదేళ్లుగా నారాయణఖేడ్‌లో ఒక ట్రస్టు దవాఖాన వాళ్ల జీపు. మంగళవారం మనూర్ దిక్కు పల్లెలు, గురువారం కల్హేర్ దిక్కు. ముందు సీట్లో నర్సు లిదియమ్మ, వెనక మందుల పెట్టెలు, పిల్లల బరువు చూసే కాటా, ఒక మడత మంచం. నాలుగు చక్రాలూ లాగే గేరున్న పాత జీపు అది. ఆ గేరు వేసి, ఎక్కడ తొక్కాలో ఎక్కడ వదలాలో తెలిసి నడిపితే పోలేని బాటంటూ లేదని యోసేపు నమ్మకం. బస్ డిపో దగ్గర చాయ్ తాగే మిగతా డ్రైవర్లు కూడా ఆ మాట కాదనేవారు కాదు.

అందుకే 2007 మే నెలలో ఒక పొద్దున లిదియమ్మ చెప్పిన మాట అతనికి రుచించలేదు.

"యోసేపన్నా, వానలు పడకముందే బండికి హుక్కులు పెట్టియ్యమన్నది డాక్టరమ్మ. ముందటికి రెండు, ఎనకకు రెండు. దిగబడితే గుంజనీకి."

"హుక్కులెందుకమ్మా? నేను దిగబెడ్తనని ముందుగాలనే ఒప్పుకున్నట్టు."

"పోయినేడు దిగబడలేదా మరి?"

యోసేపు గుడ్డ తీసుకుని, శుభ్రంగానే ఉన్న అద్దాన్ని మళ్లీ తుడవసాగాడు.

దిగబడిన మాట నిజమే. కిందటేడు పెసర్లు విత్తే రోజులు. మనూర్ దాటాక నల్లరేగడి చేల మధ్య బండ్లబాట. క్లినిక్ ముగించుకుని తిరిగొస్తుంటే జీపు ముందు చక్రాలు రెండూ బురదలో కూరుకుపోయాయి. చేను నుంచి ఇంటికి పోతున్న హన్మయ్య అనే రైతు చూసి, ఎవరూ అడగకుండానే వెనక్కి ఊళ్లోకి నడిచి ట్రాక్టరును పిలుచుకొచ్చాడు. గొలుసు కట్టారు. ట్రాక్టరు గుంజింది. జీపు కదల్లేదు గానీ దాని బంపరు ఒక పక్కన ఊడింది. ఊడిన కొస గొలుసుతోపాటు గిర్రున తిరిగి, పక్కన నిలబడి చెయ్యి ఊపుతూ దారి చూపిస్తున్న హన్మయ్య కుడికాలిని మోకాలి కింద కొట్టింది.

ఎముక రెండు చోట్ల విరిగింది. సంగారెడ్డిలో ఆపరేషను, లోపల రాడ్డు, నాలుగు నెలలు మంచం. ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తాడు, మోకాలు వంగదు. ఉన్న మూడెకరాలూ తమ్ముడికి పాలుకిచ్చి, ఇంటి అరుగు మీద బీడీలు, సబ్బులు, ఉప్పు పొట్లాలు పెట్టుకుని కూర్చుంటున్నాడు.

దవాఖానలో మంచం మీద పడుకుని హన్మయ్యే అన్నాడు: "నీదేం లేదులే యోసేపూ. నా గాచారం గట్లున్నది."

గాచారం. తలరాత అనే ఆ మాటను యోసేపు గట్టిగా పట్టుకున్నాడు. ఎవరు అడిగినా అదే చెప్పాడు. చర్చిలో పాస్టరుగారు అడిగితే దాన్నే కాస్త మార్చి, దేవుని చిత్తమన్నాడు. ప్రతి మంగళవారం హన్మయ్య అరుగు ముందు జీపు ఆపి, నొప్పి గోలీలు, ఓ బ్రెడ్డు పొట్లం ఇచ్చి, కాలెట్లుందని అడిగి వచ్చేవాడు. "మంచిగనే ఉన్నది" అనేవాడు హన్మయ్య. ఇంతగా ఎవడు పట్టించుకుంటాడని ఊరంతా యోసేపును మెచ్చుకుంది. ఆ మెప్పు వింటున్నప్పుడు అతనికి గుండెలో ఎక్కడో చిన్నగా గరగరలాడేది. అయినా వినేవాడు.

*

జహీర్ షెడ్డు బస్ డిపో దాటాక ఎడమ పక్కన ఉంటుంది. షెడ్డు వెనకే ఇల్లు. జహీర్ పదకొండేళ్లు మస్కట్‌లో, ఎడారిలో తిరిగే బండ్లను బాగుచేసే వర్క్‌షాపులో పనిచేసి, రెండేళ్ల కింద తిరిగొచ్చాడు. తక్కువ మాట్లాడతాడనీ, చెప్పిన రోజుకు పని ఇవ్వడనీ, ఇచ్చిన పని మాత్రం మళ్లీ చూడాల్సిన అవసరం ఉండదనీ అతని గురించి చెప్పుకునేవారు.

"ఏదో ఒకటి గా బంపరుకు అతికియ్యి జహీర్," అన్నాడు యోసేపు జీపు దిగుతూనే. "నాలుగు కొక్కేలు. పగటియాళ్లకు అయిపోవాలె."

జహీర్ గోనెసంచి పరిచి జీపు కిందికి దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు. సుత్తితో చాసీని, బండి కింది ఇనుప చట్రాన్ని, అక్కడా ఇక్కడా కొట్టి చూస్తున్న చప్పుడు వినిపించింది. చివరికి నుదుటి మీద తుప్పుతో లేచి వచ్చి, బంపరు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"యోసేపన్నా, గీ బంపరు ఎట్ల ఊడింది?"

"గోడకు తాకింది. పాత ముచ్చట."

"గోడకు తాకితే లోపటికి నొక్కుకపోతది." జహీర్ వేలితో బోల్టు రంధ్రాన్ని తడిమాడు. "ఇవి ముందటికి సాగినయ్. ఏదో గట్టిగ గుంజింది. తర్వాత ఎవరో సుత్తెతోని సాపు చేసి, మీదికెల్లి నల్లరంగు పూసిండ్రు."

ఆ రంగు పూసింది యోసేపే. కిందటి దీపావళికి ముందు, దవాఖాన వెనక, తానొక్కడే కూర్చుని పూశాడు.

"బంపరు ఉన్నది ఏదన్న తాకితే ఆపనీకి. గుంజనీకి కాదు," అన్నాడు జహీర్. "గీ బోల్టులు చూడు, నా చిటికెనేలంత లేవు. బురదల దిగిన బండిని తీయాల్నంటే ఒకోసారి దాని బరువుకు రెండింతలు, మూడింతలు గుంజాలె. గా జోరంత గీ రెండు బోల్టుల మీద పడ్తది. తెగినంక ఆ ఇనుము ఎటు పోతదో ఎవ్వనికి తెల్వది. మస్కట్‌ల మా కండ్ల ముందట ఒక కొక్కెం ఊడి అద్దం పలగ్గొట్టుకొని లోపటికి పోయింది." కాస్త ఆగి అడిగాడు. "గిది ఊడినప్పుడు దగ్గర ఎవరన్న ఉండెనా?"

"నువ్వు పని చేస్తవా, పోలీసోని లెక్క అడుగుతవా?"

"పని చేయనీకే అడుగుతున్న అన్నా. నొప్పి ఎక్కడున్నదో అడగకుంట మీ దవాఖానల మందిస్తరా?"

యోసేపు ముఖం ఎర్రబడింది. జహీర్ తల వంచుకుని, తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టుగా అన్నాడు: "చాసీకి కట్టి ఉంటే ఊడకపోవు. అంతే ముచ్చట."

యోసేపు జీపెక్కి, చాలా వేగంగా వెనక్కి తీసి, రోడ్డెక్కాడు.

చాసీకి కట్టి ఉంటే ఊడకపోవు. ఆ నాలుగు ముక్కలూ అతన్ని ఆ రోజంతా వదల్లేదు. కోపం జహీర్ మీద అనుకున్నాడు మొదట. రెండో రోజుకు అది కోపం కాదని తెలిసింది. హుక్కులంటే తనకెందుకు అంత చిరాకో కూడా తెలిసింది. డ్రైవరు పరువు సంగతి పైపై మాటే. నాలుగు బోల్టులతో ఆగిపోయేదైతే అది గాచారమెట్లా అవుతుంది?

ఆ సాయంత్రాన్ని అతను ఏడాదిగా గుర్తు చేసుకోలేదు. ఇప్పుడు దానంతటదే వచ్చింది. గొలుసు చేతిలో పట్టుకుని జీపు ముందు నిలబడ్డాడు తను. ముందు భాగం బురదలో కూర్చుంది. చాసీకి కట్టాలంటే బంపరు వెనక్కి చెయ్యి పెట్టాలి. అక్కడంతా బురదే. బోర్లా పడుకుని, చేత్తో రేగడి తోడి, అరగంట కష్టపడితే గొలుసు దూరేది. మబ్బు పట్టింది. ఒంటి మీద ఉతికిన చొక్కా. హన్మయ్య వంగి కిందికి చూశాడు కూడా. "కింద కట్టరాదు?" అన్నాడు. "ఏం కాదు, జల్ది కానీ" అన్నాడు తను. బంపరుకు కట్టడానికి రెండు నిమిషాలు పట్టింది.

తొందరపడాల్సిన ఆపద ఏమీ లేదు. జీపులో రోగి లేడు. అరగంట బురద, అంతే.

*

మంగళవారం మామూలుగానే హన్మయ్య అరుగు ముందు జీపు ఆపాడు. లిదియమ్మ స్కూలు వరండాలో క్లినిక్ పెట్టుకుని కూర్చుంది. హన్మయ్య భార్య నీలమ్మ వాకిట్లో చాటతో జొన్నలు చెరుగుతోంది. మనిషి బాగా చిక్కిపోయింది.

"ఏందమ్మా, పానం మంచిగ లేదా?" అన్నాడు యోసేపు.

"గామె ఆయితారం నాడు ముద్ద ముట్టది," అన్నాడు హన్మయ్య అరుగు మీంచి. "ఎనిమిది నెల్ల సంది. ఇప్పుడు సోమారం గూడ మొదలువెట్టింది."

"మల్లన్న మొక్కు తప్పినం గదా," అంది నీలమ్మ చాట ఆపకుండానే. "మా మామ ఉన్నప్పుడు ఏడాదికోపారి పోయి, దేవుని ముందట ముగ్గుల పట్నం ఏసి వస్తుండె. మేము రెండేండ్లు పోలె. అందుకే ఈన కాలు తీస్కున్నడు దేవుడు. ఇగ మల్ల ఏం తీస్కుంటడోనని నా భయం. నా చెల్లె అన్నది, ఇంట్ల ఆడిదే అపచారం చేసి ఉంటదని."

ఆమె ఆ మాట చాలా మామూలుగా అంది. యోసేపు చేతిలో గోలీల కవరు అలాగే ఉంది. తను ఏడాదిగా హాయిగా చెప్పుకుంటూ వచ్చిన మాట ఈ ఇంట్లో ఎవరి మెడకు చుట్టుకుందో అతనికి అప్పుడే కనబడింది. అతను అరుగు మీద, బీడీ కట్టల పక్కన కూలబడ్డాడు.

"అపచారం ఎవ్వరు చెయ్యలె నీలమ్మా," అన్నాడు. "గొలుసు బంపరుకు కట్టిన నేను. చాసీకి కట్టి ఉంటే ఊడకపోవు. మిస్త్రీ చెప్పిండు. మిస్త్రీ చెప్పకముందు గూడ నాకు తెల్సు. ఇరవై ఏండ్ల డ్రైవర్ని, నాకు తెల్వదా. బురదల పండుకోవుడు ఇష్టం లేక కట్టిన. అన్న కింద కట్టమన్నడు. నేనే ఇనలె."

చాట ఆగింది.

హన్మయ్య చాలాసేపు అతని వైపు చూశాడు. తర్వాత రోడ్డు వైపు చూశాడు. "నేనన్నానా గా మాట?"

"అన్నవు. వంగి చూసి అన్నవు."

"నాకు యాదికి లేదు," అన్నాడు హన్మయ్య. "దెబ్బ తాకినంక ముందటిదంత పోయింది." ఒక్కసారిగా అతని గొంతు లేచింది. "ఏడాది యోసేపూ! ఏడాది సంది నేను ఏ జన్మల ఏం పాపం చేసిన్నోనని పండుకున్న కాడ లెక్కలేసుకుంటున్న. గీమె ఉపాసాలతోని ఎండుతున్నది. మా ఇంటికి ఏదో పట్టిందని మా తమ్ముని పెండ్లాం పిల్లల్ని మా ఇంటికి పంపుత లేదు. నువ్వు మంగళారం మంగళారం రొట్టె పట్కొని వస్తివి. గా ఒక్క మాట తేకపోతివి!"

యోసేపు గోలీల కవరును అరుగు మీద పెట్టాడు.

"గోలీలు పట్కొని పో."

"అన్నా..."

"పో అన్న." హన్మయ్య కర్ర తీసి అరుగును కొట్టాడు. యోసేపు లేచి నాలుగడుగులు వేశాక వెనక నుంచి మళ్లీ పిలుపు వినిపించింది. "ఆగు. ఎవడు గా మిస్త్రీ?"

"జహీర్. డిపో అవతల."

యోసేపు జీపు ఎక్కేటప్పుడు నీలమ్మ చాట కింద పెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడుస్తోందో, తేలికపడిందో అతనికి తెలియలేదు. వెనక్కి చూసి తెలుసుకునే ధైర్యం చాలలేదు.

*

మరుసటి వారం యోసేపు మళ్లీ జహీర్ షెడ్డుకు పోయాడు. ఈసారి అడగకుండానే మొత్తం చెప్పాడు: ఎంత లోతు దిగింది, ట్రాక్టరు ఏ పక్కన ఉంది, గొలుసు ఎంత పొడవు, బంపరు ఏ వైపు ముందు ఊడింది, హన్మయ్య ఎక్కడ నిలబడ్డాడు. జహీర్ సుద్దముక్కతో నేల మీద గీసుకుంటూ విన్నాడు. అంతా అయ్యాక, "రెండు దినాలు బండి నా కాడనే ఉండనీ" అన్నాడు.

అతను చెయ్యబోయే పని యోసేపుకు వివరంగా చెప్పాడు. చాసీ మీద వెల్డింగ్ చెయ్యడు. వేడి తగిలిన చోట పక్క ఇనుము పెళుసైపోతుంది. మందపాటి ఇనుప పలకలను చాసీకి బోల్టులతో బిగిస్తాడు. బజారు బోల్టులు పనికిరావు. తల మీద బలం అంకె చెక్కిన లారీ బోల్టులు జహీరాబాద్ నుంచి తెప్పిస్తాడు. చాసీ లోపల డొల్ల, ఊరికే బిగిస్తే నొక్కుకుపోతుంది. అందుకని రంధ్రంలో ముందుగా గొట్టం ముక్క దూర్చి, దాని గుండా బోల్టు వేస్తాడు.

"ఇంకో ముచ్చట. నోరు తెరిచిన కొక్కెం పెట్ట. తాడు వదులైతే జారి ఎగురుతది. పలకకే రంధ్రం చేసి, దాంట్ల మూత ఉన్న షాకిల్, గుర్రపునాడా లెక్క ఉండే ఇనుప కడియం, ఏస్త. మీరు హుక్కని పిల్సుకోండ్రి, ఏమన్న అనుకోండ్రి."

రెండో రోజు ఊళ్లో అంగడి, వారం సంత. పది దాటాక షెడ్డు ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి ముందు కర్ర, తర్వాత వంగని కాలు, ఆ తర్వాత హన్మయ్య దిగారు. యోసేపు లేచి నిలబడ్డాడు. హన్మయ్య అతన్ని చూడనట్టుగానే జహీర్ దగ్గరికి నడిచాడు.

"నేను హన్మయ్యను. గీ బండి బంపరు తాకింది నాకే. ఎట్ల ఊడిందో చూపియ్యి."

జహీర్ చేతిలో పని కింద పెట్టాడు. విప్పి పక్కన పెట్టిన బంపరును తెచ్చి, సాగిన రంధ్రాలను చూపించాడు. పాత బోల్టు ఒకటి అతని చేతిలో పెట్టాడు. హన్మయ్య దాన్ని అరచేతిలో అటూ ఇటూ దొర్లించి చూశాడు.

"గింతేనా?" అన్నాడు.

"గింతే."

ఇంట్లోంచి జహీర్ తల్లి సర్దార్ బీ చాయ్ తెచ్చింది. హన్మయ్య కాలు చూసి, ఏమీ అడగకుండా లోపలికి పోయి, ఎత్తైన స్టూలొకటి, మెత్త ఒకటి తెచ్చింది. స్టూలు మీద కూర్చోబెట్టి, చాచిన మడమ కింద ఒక డబ్బా పెట్టి దాని మీద మెత్త సర్దింది. "ఆరాంగ కూసో బిడ్డా" అని పోయింది.

హన్మయ్య మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాడు. సంతకు పోలేదు. జహీర్ డ్రిల్లు వేస్తుంటే చూశాడు. పలక అంచులను ఆకురాయితో నున్నగా గుండ్రంగా రాస్తుంటే, "అదెందుకు?" అని అడిగాడు. తాడు కొయ్యకుండా అన్నాడు జహీర్. బండిని తాడుతో ఒకే పక్క గుంజకూడదనీ, రెండు పక్కలా రెండు షాకిళ్లకు బెల్టు వేసి మధ్యలోంచి గుంజాలనీ జహీర్ చెబితే తల ఊపాడు. "ఎడ్ల కాడి లెక్కనే. ఒక ఎద్దే గుంజితే కాడి తిరుగుతది."

జహీర్ పలకను చాసీ పక్కన పట్టి, సుద్దముక్కతో గుర్తు పెట్టబోయాడు. బంపరుకు వెనకగా, కాస్త కిందికి.

"గాడ పెడ్తవా?" అన్నాడు హన్మయ్య.

"ఔ. గీడనే చాసీ గట్టిగుంటది. మస్కట్‌ల గిట్లనే పెడ్తుంటిమి."

"గా ఊర్ల ఏముంటది, ఇసుకనా?"

"ఇసుకనే."

"ఇసుక చేత్తోని తోడొచ్చు. రేగడి తోడనీకి రాదు. తడి రేగడి పారను గూడ వదలదు." హన్మయ్య కర్ర కొసతో చూపించాడు. "ఆనాడు బండి బంపరు దాక దిగింది. నువ్వు పెట్టే కొక్కెం బురద లోపట ఉంటది. మనిషి బురదల పండుకొని, చెయ్యి వెట్టి, దేవులాడాలె. ఎవడు చేస్తడు?"

అప్పటిదాకా అతను యోసేపు వైపు చూడలేదు. ఇప్పుడు చూశాడు.

"గీనె చెయ్యడు. చెయ్యలె. వాన వస్తుంటది, పొద్దు పోతుంటది, చొక్కా తెల్లగుంటది. మల్ల పోయి బంపరుకే కడ్తడు. గీనె ఒక్కడనే గాదు, నేనైన గంతే. మనిషి గంతే. నిలవడ్డ కాడికెల్లి చెయ్యి అందేతట్టు పెట్టు. అందే కాడ ఉంటే అక్కడనే కడ్తడు."

జహీర్ సుద్దముక్క చేతిలో పట్టుకుని ఆ మాటను అన్ని వైపుల నుంచీ చూస్తున్నట్టుగా నిలబడ్డాడు.

"ముందటికి తెస్తే పలక పొడుగైతది," అన్నాడు చివరికి. "పొడుగైతే బోల్టుల మీద బరువు పెరుగుతది. నాలుగు చాలవు." మళ్లీ జీపు కిందికి దూరి కొలిచి వచ్చాడు. "ఆరు ఏస్త. పలకను చాసీ పొంటి ఎనక్కి ఇంకో జానెడు పోనిస్త. బంపరుకు సందు కోసి, పలక కొస దాంట్లకెల్లి బయటికి తీస్త. బంపరుకు అది తాకది, బంపరు దాన్ని మొయ్యది. బేష్‌గున్నది పెద్దమనిషీ."

ముందు వైపుకని కోసిపెట్టుకున్న రెండు పలకలనూ అతను పక్కన పడేసి, కొత్తవి గీయడం మొదలుపెట్టాడు. యోసేపుకు ఏదైనా అనాలనిపించింది. తనను అన్న మాటలో తిట్టు ఉంది, నిజం ఉంది, అంతకు మించి ఇంకేదో ఉంది. తన బద్ధకాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, దానికి సరిపడా ఇనుమును కొలవమంటున్నాడు ఆ మనిషి. యోసేపు అతని దగ్గరికి పోయి, "అన్నా, జీపు లేదు గని ఆటోల నేనొచ్చి ఊర్ల దింపొస్త" అన్నాడు.

"నాకు తొవ్వ తెల్సు," అన్నాడు హన్మయ్య.

రెండు రోజుల పని ఐదు రోజులైంది. అప్పగించే ముందు డిపో వెనక ఖాళీ జాగాలో జహీర్ పరీక్ష పెట్టాడు. గొలుసు వద్దన్నాడు. క్రేనుతో సామాన్లెత్తే వెడల్పాటి బెల్టు తెప్పించాడు. దాని మధ్యలో తడిపిన గోనెసంచి వేశాడు, ఒకవేళ తెగితే ఎగరకుండా. బెల్టు ఎంత పొడవుందో దానికి ఒకటిన్నర రెట్లు అవతలికి అందరినీ పంపించాకే ట్రాక్టరును కదలమన్నాడు. లిదియమ్మ కూడా వచ్చి చూసింది. జీపును గేరులో పెట్టి, బ్రేకు తొక్కిపట్టి, యోసేపు లోపల కూర్చున్నాడు. బెల్టు బిగిసింది. ట్రాక్టరు చక్రాలు మట్టిని గీరాయి. పలకలు కదల్లేదు. తర్వాత జహీర్ ప్రతి బోల్టుకూ మళ్లీ పానా వేసి చూసి, గుర్తుగా పసుపు గీత గీశాడు. "గీత తప్పితే బోల్టు తిరిగినట్టు. నెలకోపారి చూసుకో" అన్నాడు.

*

జూలై చివర్లో ఐదు రోజుల ముసురు పట్టింది. ఆరో రోజు మంగళవారం. పోదామా మానుదామా అని లిదియమ్మ ఆలోచించింది గానీ, నెలలు నిండుతున్న ఇద్దరిని చూడాల్సి ఉంది. పోయారు. తిరిగి వచ్చేటప్పుడు హన్మయ్య ఊరికి అర కిలోమీటరు అవతల, కల్వర్టు మోరీ పక్కన బాట కుంగి, జీపు ముందు భాగం మెల్లగా బురదలోకి దిగిపోయింది. యోసేపు ఇంజను ఆపాడు. బురద బంపరు కింది అంచు దాకా వచ్చింది.

లిదియమ్మ ఊళ్లోకి నడిచి ట్రాక్టరును పిలుచుకొచ్చింది. దానితోపాటు పదిహేను మంది వచ్చారు. చూడ్డానికి కొందరు, సాయానికి కొందరు. యోసేపు బెల్టు తీసుకుని జీపు ముందుకొచ్చాడు. బంపరు సందుల్లోంచి రెండు పలకల కొసలు బురదకు జానెడు పైన ఉన్నాయి. నిలబడి, కొద్దిగా వంగితే చాలు. షాకిళ్లు తిప్పి, బెల్టు దూర్చి, మూతలు బిగించాడు. చేతులకు అంటిన బురద మోచేతి దాకా కూడా రాలేదు.

"అందరు అవతలికి పోండ్రి! ఇంకా! గా తుమ్మచెట్టు దాక!" అని అరిచాడు. ఒక పెద్దాయన పక్కన నిలబడి దారి చూపిస్తానంటే, "వద్దు తాతా, నాకు దారి కనవడ్తది, నువ్వు దూరం పో" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయి నిలబెట్టి వచ్చాడు. తడి సంచి వేసి, వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు. ట్రాక్టరు నెమ్మదిగా కదిలింది. జీపు ఒకసారి మూలిగి, బురద లోంచి చప్పుడు చేసుకుంటూ లేచి, గట్టి నేల మీదికి వచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్లు కాస్త నిరాశపడ్డట్టే వెనక్కి తిరిగారు.

అప్పటికి హన్మయ్య కర్ర తాటించుకుంటూ సగం దూరం వచ్చాడు. యోసేపు బెల్టు చుట్టేసరికి దగ్గరికి చేరాడు. ఆయాసపడుతున్నాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది అన్నా."

"ఎంతసేపు పట్టింది?"

"కట్టుడు రెండు నిమిషాలు. గుంజుడు మూడు."

"ఐదు నిమిషాలు," అన్నాడు హన్మయ్య.

అతను ఆ మాట రెండుసార్లు అన్నాడు. తర్వాత మోరీ గోడ మీద కూర్చున్నాడు. కర్ర పక్కన పెట్టి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. లిదియమ్మ దగ్గరికి పోబోయి, యోసేపు చూపు చూసి ఆగింది. యోసేపు అతని పక్కన, బురద చేతులతో నిలబడ్డాడు. అక్కడి నుంచి కదలకుండా ఉండటం ఒక్కటే చేయగలిగింది.

కొంతసేపటికి హన్మయ్య తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"నీ మీద కోపం పోలె నాకు," అన్నాడు. "పోతదో పోదో తెల్వది."

"పోకున్న మంచిదే అన్నా."

"నన్ను ఇంటికాడ దింపు. గింత దూరం నడిచేసరికి కాలు గుంజుతున్నది."

లిదియమ్మ ముందు సీటు ఖాళీ చేసి వెనక్కి వెళ్లింది. హన్మయ్య ఎక్కాడు గానీ వంగని కాలు లోపల పట్టలేదు. తలుపు లేని జీపు కాబట్టి పక్కకు తిరిగి కూర్చుని దాన్ని బయటికి చాచాడు. యోసేపు మొదటి గేరులోనే నడిపాడు. బాటకు ఇరుపక్కలా తుమ్మ కొమ్మలు వేలాడుతున్నాయి. కొమ్మ ఎదురైనప్పుడల్లా ఆ కాలికి తగలకుండా జీపును అవతలి అంచుకు జరిపాడు. అటు పక్కన మళ్లీ దిగబడే ప్రమాదముందని తెలిసినా జరిపాడు.

అరుగు ముందు నీలమ్మ ఎదురొచ్చింది. వేసవిలో చూసినదానికన్నా ముఖం కాస్త నిండింది. భర్తను దించుకుంటూ యోసేపుతో, "ఉడకబెట్టిన శెనిగెలున్నయ్, తిని పోండ్రి" అంది.

హన్మయ్య అరుగెక్కి, బీడీ కట్టల మీద పడిన జల్లు నీళ్లు తుడిచాడు. తర్వాత, యోసేపుతో కాకుండా లిదియమ్మతో, "సిస్టరమ్మా, రాసుకో" అన్నాడు. "నొప్పి తగ్గలె. పొద్దుగూకితే మోకాలి కింద సూదులు గుచ్చినట్టైతది. కూసొని లేస్తే కండ్లు తిరుగుతయ్. ఇన్ని రోజులు మంచిగున్నదని చెప్పిన గని, మంచిగ లేదు."

లిదియమ్మ పుస్తకం తీసి అరుగు అంచున కూర్చుని, ఎప్పటి నుంచి, ఏ వేళ, ఎంతసేపు అని ఒక్కొక్కటే అడగసాగింది. యోసేపు వాకిట్లో తొట్టి దగ్గర చేతులు కడుక్కుని వచ్చి, నీలమ్మ ఇచ్చిన శెనగల గిన్నె పట్టుకుని, అన్నిటికీ హన్మయ్య చెప్పే జవాబులు వింటూ నిలబడ్డాడు.